చుక్కల సొర

శివకు భయం పట్టుకున్నది ఒక దర్జీ టేపు వల్ల.

ఆదివారం పొద్దున మేడ్చల్ చేపల మార్కెట్ కిటకిటలాడుతోంది. గొడుగు చంకలో పెట్టుకున్న ఒక అమ్మాయి వచ్చి, శివ చేపల బల్ల మీది పిల్లసొర పక్కన టేపు పరిచి, టకటకా ఫోటోలు తీసేసింది.

"ఓ మేడం! ఏం జేస్తున్నవ్? నా చాపకు అంగీ కుట్టిస్తవా?"

"కొలుస్తున్నానండి. కాస్త తోక తిన్నగా పెడతారా?"

ఆమె పేరు ధరణి. కాకినాడ నుంచి వచ్చి బహదూర్‌పల్లిలో ఇల్లు కొనుక్కున్న కుటుంబం. వారమంతా ఆఫీసు, ఆదివారం సొరలు. సొరచేపలను కాపాడే ఒక బృందంలో ఆమె వలంటీరు. మార్కెట్లో సొర కనబడితే కొలిచి, ఫోటోను బృందం యాప్‌లో పెట్టాలి. ఏ రకం తరిగిపోతోందో శాస్త్రవేత్తలు దాన్నిబట్టి తెలుసుకుంటారు.

"సముద్రం గాడుంటే, లెక్క గీడనా?"

"చేప ఇక్కడిదాకా వచ్చింది కదండీ! దాని వెనకాలే నేనూ వచ్చాను."

శివ తోక తిన్నగా సర్దాడు. మార్కెట్లో నోరున్న కుర్రాడని అతనికి పేరు. ఆ పేరు ఆ పూటతో పోయింది.

అతని నాయిన గాలయ్యకు తెలిసినవి శామీర్‌పేట చెరువు చేపలే. "ఉప్పునీళ్ల చాపల సంగతి మనకేం ఎర్కరా" అని ఆయన మొత్తుకున్నా శివ వినలేదు. కొత్త కాలనీల్లోని ఆంధ్రావాళ్ళ కోసం టోకు మార్కెట్ నుంచి సముద్రపు చేపలు తేవడం మొదలుపెట్టాడు. బాలింతకు పాలు పడతాయని పాలసొర అడిగేవాళ్ళు చాలామంది. ఏ సొర ఏదో శివకు తెలియదు. రెక్క పైకి లేచి ఉంటే సొర, అంతే.

ఆదివారాలు గడిచాయి. ధరణి కోసం శివ కొత్తరకాలు ఏరి పక్కన పెట్టేవాడు. పిల్లికి చెలగాటం ఎలుకకు ప్రాణసంకటం అన్నట్టు, ఆమె నవ్వుతూ కొలుస్తుంటే ఇతనికి ఊపిరాడేది కాదు.

ఒక ఆదివారం అతను గోనెపట్టా తీసి, "చూడు మేడం, నీ కోసమే దాసిన" అన్నాడు. తల వెడల్పుగా, వీపు నిండా తెల్లచుక్కలతో పెద్ద చేప.

ధరణి ముఖం పాలిపోయింది. ఒక ఫోటో తీసింది.

"దీన్ని ఎవరికీ అమ్మకండి శివగారూ. ఇది చుక్కల సొర, అంతరించిపోతున్న రకం. పట్టడమే నేరం."

టేపు కూడా మర్చిపోయి వెళ్ళిపోయింది.

శివ ఫోన్లో వెతికాడు. చట్టం, కేసు, జైలు అన్న మాటలు కనబడ్డాయి. ఆమె యాప్‌లో పెట్టే ఫోటోలో వెనకాల దుకాణం బోర్డు పడే ఉంటుంది. దాని మీద ఉన్నది తన పేరు కాదు, 'గాలయ్య చేపలు' అని నాయిన పేరు. ఒక్కనాడు పోలీసు స్టేషన్ గడప తొక్కని మనిషిని తన తెలివితక్కువతనం జైల్లో పెట్టబోతోంది. ఫోన్ చేస్తే ధరణి ఎత్తలేదు.

మర్నాడు ఫారెస్టు జీపు మార్కెట్లోకి వచ్చింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, శివ ఆ చేపను దాచిన ఐసుపెట్టె మీద కూర్చుండిపోయాడు. జీపు ముందుకెళ్ళి, చిలకలమ్మేవాడి దగ్గర ఆగింది. పంజరాలన్నీ ఎక్కించుకుని వెళ్ళిపోయింది.

"ఏందిరా, గట్ల చెమటలు పడుతున్నయ్?" అన్నాడు గాలయ్య.

"ఉక్కపోస్తాంది నాయినా." బయట జోరున వాన.

ఇక ఆగలేక ఆ సాయంత్రం తడుస్తూనే బహదూర్‌పల్లి వెళ్ళాడు. ధరణి తల్లి అమ్మాజీ తలుపు తీసింది.

"చేపలబ్బాయివి కదూ! సమయానికొచ్చావు బాబూ. మా పెద్దమ్మాయి పురిటికొచ్చింది. పాలసొర తెచ్చావా?"

శివ నోరు తెరిచేలోగా ధరణి వరండాలోకి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"పంపినవా?" గొంతు తగ్గించి అడిగాడు.

"లేదు. ఫోన్లోనే ఉంది. ఇన్నాళ్ళూ అన్నీ గొప్పగా పంపాను. ఈ ఒక్కటి పంపడానికి చెయ్యి రావట్లేదు. మీకేమన్నా అయితే? పంపకపోతే నేను చేసిందంతా అబద్ధమే కదా? ఆ భయంతోనే మీ ఫోన్ ఎత్తలేదు."

తన కోసం ఒకమ్మాయి భయపడిందని తెలిసినా శివ భయం పోలేదు. కానీ కాళ్ళు నిలబడ్డాయి.

"పంపు. రేపు నేనే చాపను ఫారెస్టోళ్లకు అప్పజెప్త. తెల్వక తెచ్చిన, తప్పు నాది, నాయినది గాదు అని చెప్త. మస్తు భయమైతాంది ధరణీ. పక్కన ఉంటవా?"

'మేడం' అన్న పిలుపు ఎటు పోయిందో ఇద్దరూ పట్టించుకోలేదు.

"ఉంటాను" అంది.

"సొర సంగతి చెప్పవేం బాబూ?" లోపలి నుంచి అమ్మాజీ.

శివ ధరణి వైపు చూశాడు. "లేదమ్మా. సొరలు ఇగ నేను అమ్మను. మా చెరువుల కొర్రమట్టలు తెస్త."

"ఆ మాట చెప్పడానికా ఇంత వానలో వచ్చావు?" అందావిడ.

మర్నాడు ఫారెస్టు ఆఫీసులో అధికారి చేపను చూశాడు, శివను చూశాడు, పక్కన కదలకుండా నిలబడ్డ అమ్మాయిని చూశాడు. టోకు మార్కెట్లో ఎవరిచ్చారో అడిగి రాసుకున్నాడు. "మళ్ళీ కనబడితే కేసే" అని హెచ్చరించి పంపేశాడు.

మెట్ల మీదికి వచ్చి శివ ఆగిపోయాడు.

"అయిపోయిందిగా! ఇంకా ఏం భయం?" అంది ధరణి.

"ఇంకోటి చెప్పాలె. గది దీనికన్నా కష్టం." ఆమె మర్చిపోయిన టేపును జేబులోంచి తీసి, వేలికి చుట్టుకుంటూ నిలబడ్డాడు. "ప్రతి ఆదివారం నేను సొరల కోసం ఎదురుచూడలే."

ధరణి నవ్వలేదు. టేపు రెండో కొస పట్టుకుంది.

"నేనూ వాటికోసమే రాలేదు. మా అమ్మ కనిపెట్టేసింది. చేప లేదని చెప్పడానికి ఎవడన్నా వానలో వస్తాడా అని రాత్రి నాన్నగారి ముందే అడిగింది."

"మీ నాయిన ఏమన్నడు?"

"కొర్రమట్టలు తెచ్చేటప్పుడు మీ నాన్ననీ వెంటబెట్టుకు రమ్మన్నారు."

ఫారెస్టు ఆఫీసు మెట్ల మీద శివ కూలబడ్డాడు.