ఆకుపచ్చ సిరా

"లోపలికి ఎవరొచ్చేరండీ?"

ఝాన్సీ వరండాలోకి తొంగిచూసి అడిగింది. కొత్తపేటలో ఆ దస్తావేజుల గదికి భోజనానికి వెళ్తూ తాళం వేసింది తనే. తిరిగొచ్చి తీసిందీ తనే. ఈలోగా బల్ల మీది డ్రాఫ్టులో ఒక మాట ఆకుపచ్చ సిరాతో కొట్టేసి ఉంది. పక్కన టిక్కు. కింద "చూడమ్మా" అని ఉంది.

ఆ సిరా వాడే మనిషి ఒక్కరే. ఆమెకి దస్తావేజులు రాసే పని నేర్పిన వెంకటరమణ మాస్టారు. ఆయన పోయి నాలుగు నెలలైంది.

బయట వాన. కరెంటు లేదు. పట్టపగలే గదిలో చీకటి. మూలనున్న మాస్టారి కుర్చీ కిర్రుమంది.

"మళ్ళీనా?" గుమ్మంలో పక్కగది లాయరు శ్యామ్ బాబు గొడుగు మడుస్తున్నాడు.

"అయిదోసారండీ, లాయరు గారూ."

"నాకో పేరుందండీ. ఏడాది నుంచీ మొత్తుకుంటున్నాను."

"ఇక్కడ దెయ్యం తిరుగుతుంటే మీ పేరుతో పనేంటండీ?"

"దెయ్యమైనా ఒక్క తప్పూ రాయలేదు కదా. వినేస్తే పోలేదూ?"

"మాస్టారు చెబితే వింటాను. మీరు మొదటిరోజే నా డ్రాఫ్టులో కలం పెట్టబోయేరు, గుర్తుందా?"

"వెంటనే తీసేసేను కదండీ. మీరు చూసిన ఆ చూపుకి నాకు వారం రోజులు జ్వరం."

ఝాన్సీకి నవ్వు రాబోయి ఆగింది. మూడు గంటలకే రిజిస్ట్రేషను స్లాటు. సూరమ్మ అనే పెద్దావిడ ఇల్లు ఉంచుకుని పక్కనున్న కొబ్బరితోట అమ్ముతోంది. పాత దస్తావేజు చూసి ఝాన్సీ తూర్పు హద్దు "పంట బోదె", అంటే పొలాలకి నీళ్ళు పారే పిల్లకాలవ, అని రాసింది. ఆకుపచ్చ సిరా దాన్నే కొట్టేసి ఇలా రాసింది: "కొత్త తూము మీదికి వెళ్ళే సూరమ్మ దారి."

వరండాలో కూర్చున్న సూరమ్మని లోపలికి పిలిచింది.

"మామ్మగారూ, తోటకి తూర్పున పంట బోదేనా?"

"ఆయ్, బోదేనమ్మా. పాతది పూడ్చేసి, కొత్తది నా దారికి అవతల తవ్వేరు. పోయిన నెలే దాని మీద దాటడానికి తూము కూడా కట్టేరు." చెప్పేసి ఆవిడ వరండాలోకి వెళ్ళిపోయింది.

ఝాన్సీ డ్రాఫ్టు మళ్ళీ చూసింది. తోట బోదె దాకా అని రాస్తే మధ్యలో ఉన్న దారి కూడా కొన్నవాళ్ళదైపోతుంది. సంతకాలయ్యాక సూరమ్మకి ఇంట్లోంచి రోడ్డెక్కే దారే ఉండదు.

అంతలోనే ఇంకో సంగతి తట్టింది. పోయిన నెల కట్టిన తూముని, నాలుగు నెలల కిందట పోయిన మనిషి ఎలా చూస్తాడు?

ఆమె చూపు మెల్లగా కిందికి దిగింది. శ్యామ్ బాబు ప్యాంటుకి మోకాళ్ళ దాకా నల్లటి బురద.

"పొద్దుట ఎక్కడికెళ్ళేరండీ?"

"కోర్టుకండీ."

"కోర్టులో మోకాలి లోతు బురదా?"

అతను జేబులోంచి ఒక తాళం చెవి, ఆకుపచ్చ సిరా పెన్ను తీసి బల్ల మీద పెట్టాడు.

"ఆస్పత్రిలో మాస్టారే ఇచ్చేరండీ. 'పొలం మొహం చూడకుండా హద్దులు రాసేస్తుంది, నా మాట తప్ప వినదు, కాస్త కనిపెట్టి ఉండు' అన్నారు. తప్పు దస్తావేజు బయటికెళ్తే మీ పేరు పోతుంది. చూస్తూ ఊరుకోలేకపోయేను."

"అయిదు చోట్లా వెళ్ళి చూసేరా?"

"ఆయ్. రోజూ చెప్పేద్దామనే వస్తాను. మీరు లాయరు గారూ అనగానే మాట లోపలికి పోతుంది."

ఆమె కళ్ళు తడయ్యాయి. కోపంగా ఉండాలనుకుంది, కుదరలేదు.

"ఆ కుర్చీ కూడా మీరేనా?"

"దాని సంగతి నాకు తెలీదండీ."

కుర్చీ మళ్ళీ కిర్రుమంది. కిటికీ మూసే ఉంది. ఇద్దరూ ఒకేసారి ఒకరి వైపొకరు జరిగారు. ఝాన్సీ అతని చెయ్యి పట్టేసుకుంది.

"ఇకనుంచి దిద్దితే పట్టపగలు, నా ఎదురుగా కూర్చుని దిద్దండి," అంది ఝాన్సీ, అతని చెయ్యి వదలకుండా. "రోజూ."

"మూడవుతోందమ్మా!" వరండాలోంచి సూరమ్మ కేక. "ఎవరమ్మా ఇంత ఆలస్యం చేస్తున్నది?"

ఝాన్సీ వరండా అంతా వినబడేలా చెప్పింది.

"శ్యామ్ బాబండీ మామ్మగారూ! మా శ్యామ్ బాబు!"