తూర్పు వద్దన్న నర్తకి

"ఊపిరి ముక్కుతోనే వదలండి పెద్దాయనా. నోటి గాలి తగిలితే వాటికి కోపం వస్తుంది" అంటూ, తేనెటీగల మీద పరిశోధన చేసే డాక్టర్ మృణాళిని తేనెపెట్టెలోంచి ఒక చట్రాన్ని మెల్లగా పైకి లేపింది.

"మీసాలు రాకముందు నుంచి సాకుతాండా. వాటి కోపం నాకు తెల్దా?" అన్నాడు శౌరయ్య. అన్నాడు గానీ, ఆ తర్వాత నోరు మూసుకునే నిలబడ్డాడు.

చట్రం నిండా మైనపు గదులు, గదుల మీద ఈగలు. వాటి నడుమ ఒక ఈగ మాత్రం తేడాగా ఉంది. వీపు నుంచి వెంట్రుకంత తీగ ఒకటి చట్రం అంచుకు పోయింది. అది ఈగ కాదు, యంత్రం. పేరు నర్తకి. పెట్టె మైనమే దాని ఒంటికి రుద్దారు కాబట్టి మిగతా ఈగలు దాన్ని తమ ఇంటిదే అనుకుంటున్నాయి.

ఈ కథ జరిగే కాలానికి దేశంలో తేనెటీగలు సగానికి పైగా అంతరించాయి. పట్నం చుట్టూ తోటల్లో డ్రోన్లే పువ్వు పువ్వుకూ పుప్పొడి అద్దుతున్నాయి. ద్రాక్ష పందిళ్ళ మీద ఎండను బట్టి తెరుచుకుని మూసుకునే వలలు వచ్చాయి. ట్రాక్టర్లకు డ్రైవర్లు లేరు. మనిషి ఓర్వలేనితనం మాత్రం పాత మోడల్లోనే ఉంది. దానికి కొత్త విడిభాగం ఎవరూ కనిపెట్టలేదు.

కడప వైపు కొండల్లో తెల్లగుట్టపల్లె అని ఒక ఊరు. అక్కడ శౌరయ్యకు పల్లపు చేలో ద్రాక్షతోట, తోట గట్టున తేనెపెట్టెలు ఉన్నాయి. అక్టోబరులో కొమ్మ కత్తిరింపు, నవంబరులో పూత, మాఘంలో కోత. కోతలకు ముందే తేనె తీసి, తేనె పిండగా మిగిలిన మైనాన్ని కరగబెట్టి క్రొవ్వొత్తులు పోస్తారు. ఆయన తాత నాటి నుంచీ ఏడాది ఇట్లాగే తిరుగుతోంది.

"ఇప్పుడు చూడండి" అంది డాక్టర్. ఒక ఈగ బయటి నుంచి వచ్చి, పిర్ర ఊపుకుంటూ నేరుగా కొంచెం దూరం నడిచింది. తిరిగి వెనక్కి వచ్చి మళ్ళీ అట్లాగే నడిచింది. "పూలు ఎక్కడున్నాయో చెబుతోంది. నిలువుగా పైకి నడిస్తే సూర్యుడున్న దిక్కు. పక్కకు ఎంత వంగితే సూర్యుడికి అంత పక్కకు. ఊపుడు ఎంతసేపు సాగితే అంత దూరం."

"ఇదంతా చీకట్లోనే?"

"పెట్టె లోపల చీకటే కదా. మిగతావి దాన్ని తాకి తెలుసుకుంటాయి. మా నర్తకికి కూడా ఆ ఆట వచ్చు. మనం ఏ తోట చెబితే ఆ తోట దారి ఆడి చూపిస్తుంది. ఇంకొకటి కూడా వచ్చు. ఆడుతున్న ఈగను తలతో ఢీకొట్టి 'బిప్' అంటుంది. ఈగల భాషలో దానికి అర్థం 'చాలు, ఆపు, అక్కడికి పోవద్దు' అని. అపాయమున్న చోటు గురించి ఈగలు తమలో తాము అట్లాగే చెప్పుకుంటాయి."

శౌరయ్య కళ్ళు చిన్నవయ్యాయి. "అట్లయితే నా ఈగలు తూర్పుకు పోకుండా చెయ్యగలవా తల్లీ?"

"చెయ్యవచ్చు. తూర్పున ఏముంది? మందు కొట్టే తోటా?"

అతని భార్య అంతోనమ్మ పందిరి కింద చిక్కుడుకాయలు ఒలుస్తూ ఉంది. ఆమే చెప్పింది. "తూర్పున మా తోడికోడలు ఉందమ్మా. అంతకు మించిన అపాయం ఈయనకు లోకంలో లేదు."

తూర్పున ఉన్నది కార్మేలమ్మ. శౌరయ్యకు సొంత వదిన. పంపకాలప్పుడు శౌరయ్య పట్టుబట్టి నీళ్ళున్న పల్లం తీసుకున్నాడు. అన్న ఏమీ అనకుండా రాళ్ళగుట్ట తీసుకున్నాడు. అన్న చనిపోయాక ఆ గుట్ట మీద ఒంటి చేత్తో కుంకుడు, రేగు, కానుగ మొక్కలు నాటి, బిందెలతో నీళ్ళు మోసి బతికించింది కార్మేలమ్మ. ఇప్పుడు ఊరంతా ఎండి బీటలు వారినా ఆ గుట్ట మీద ఏదో ఒక చెట్టు పూస్తూనే ఉంటుంది. ఆమెకూ తేనెపెట్టెలున్నాయి. అదంతా శౌరయ్య ఓర్చుకునేవాడేమో. ఓర్చుకోలేనిది ఒత్తుల సంగతి.

ఫిబ్రవరిలో క్రొవ్వొత్తుల పండుగ వస్తుంది. ఆ రోజు చర్చి పూజలో మాత స్వరూపానికి ఎడమ పక్క పల్లపు ఇంటి ఒత్తి, కుడి పక్క గుట్ట ఇంటి ఒత్తి పెట్టి, రెండూ ఒక్కసారే వెలిగించడం ఆ ఊరి ఆచారం. ఏది ముందు మైనం కారిస్తే అది ఏడ్చిందంటారు. ఏడ్చిన ఇంటివాళ్ళు మళ్ళీ పండుగ దాకా ఊరి నోళ్ళలో నలుగుతారు. గుట్ట మీద చెట్లు పూయడం మొదలైనప్పటి నుంచీ ప్రతిసారీ శౌరయ్య ఒత్తే ఏడుస్తోంది. కార్మేలమ్మ ఒత్తి పెళ్ళికూతురిలా కదలకుండా నిలబడి వెలుగుతోంది.

"దానికి కారణం నాకు తెలుసు" అన్నాడు శౌరయ్య డాక్టర్‌తో. "నా ఈగలు పొద్దున లేస్తే ఆ గుట్టకే పోతాండాయి. దాని చెట్లు కాసేది నా ఈగల చలవతో. నా కూడు తిని దాని వాకిలి ఊడ్చినట్లుంది యవ్వారం. నా ఈగలు నా తోటలోనే ఉండల్ల."

"పెద్దాయనా, ద్రాక్షపువ్వులో తేనె దాదాపు ఉండదు. అది గాలికే కాయ కట్టుకుంటుంది. మీ తేనె ఆ గుట్ట నుంచే వస్తూ ఉండవచ్చు."

"తియ్యని పండు కాసేదానికి ఒట్టి పువ్వు ఉంటదా? చదువుకున్నదానివి, నువ్వే చెప్పు!"

డాక్టర్ నవ్వింది. కానీ ఆమెకూ ఒక ఆశ ఉంది. ఒక దిక్కును పూత కాలమంతా మూసేస్తే ఈగలు ఏం చేస్తాయో అంతవరకు ఎవరూ చూడలేదు. "సరే. కానీ ఒక షరతు. పెట్టెల్లో తేనె తగ్గితే చక్కెర నీళ్ళు పెట్టాలి. మానకూడదు."

"అట్లే పెడతా" అన్నాడు శౌరయ్య.

ఆమె ప్రతి పెట్టెలోనూ ఒక నర్తకిని ఉంచి, తూర్పు వద్దని నేర్పి వెళ్ళింది.

నవంబరు వచ్చింది. పందిరి మీద ద్రాక్ష పూత విచ్చింది. గుట్ట మీద కుంకుళ్ళు పూశాయి. ఆ వాసన గాలిలో తేలి శౌరయ్య మంచం దాకా వచ్చేది. పొద్దున్నే గట్టు మీద నిలబడి చూస్తే అతని ప్రాణం లేచి వచ్చేది. ఒక్క ఈగ తూర్పుకు పోవడం లేదు! దారి కనిపెట్టిన ఈగ ఆట మొదలుపెట్టగానే నర్తకి ఢీకొడుతోంది. కొట్టగా కొట్టగా ఆ ఈగ ఆట మానేసి మూలకు పోతోంది.

"చూడు, చూడు. దాని చెట్ల దగ్గర నా పనోళ్ళు ఒక్కరూ లేరు" అన్నాడు భార్యతో.

"ఆమె ఈగలు ఉండాయిగా. నీవి అడ్డం లేవని ఇంకా ఇదిగా తాగుతాంటాయి" అంది అంతోనమ్మ.

ఆ మాట శౌరయ్య గుండెలో ముల్లులా దిగింది. కానీ చెప్పిన మాట వెనక్కి తీసుకోవడం అతని ఒంట్లో లేదు.

డిసెంబరులో పెట్టె ఎత్తి చూస్తే తేలిగ్గా వచ్చింది. అంతోనమ్మ చక్కెర డబ్బా తెచ్చి ఎదురుగా పెట్టింది. "డాక్టరమ్మ చెప్పింది కదా."

"మా తాత నాటి నుంచి మా పెట్టెల్లో చక్కెర పడలేదు. రేపు ఎవరన్నా చూసి, శౌరయ్యది చక్కెర తేనె అంటే? ఆ గుట్ట మీదిది పగలబడి నవ్వదూ?"

"నవ్వనీ. ఆకలికి చచ్చేదాని కంటే నవ్వు మేలు కదా."

"ద్రాక్ష ఇంకా పూత మీదే ఉండాది. తాగుతాయిలే."

తాగలేదు. తాగడానికి అక్కడ ఏమీ లేదు. చక్కెర డబ్బాకు చీమలు పట్టాయి గానీ అతను మూత తీయలేదు.

క్రిస్మస్ వెళ్ళిన వారంలో, ఎండ కాస్త ముదిరే వేళ పెట్టెల దగ్గర జోరున వాన పడినట్లు చప్పుడయింది. శౌరయ్య కత్తెర పారేసి పరుగెత్తాడు. పెట్టె నోటి నుంచి ఈగలు బొళబొళ పొంగుతున్నాయి. ఒక పెట్టెను చూసి ఇంకొకటి, దాన్ని చూసి మరొకటి. ఆకాశంలో గోధుమరంగు మబ్బు కట్టి, పోయి పందిరి రాటకు గడ్డంలా వేలాడాయి.

"నీళ్ళు! నీళ్ళు తేవే!" అరిచాడు శౌరయ్య. చప్పుడుకు వాలతాయని తాంబూలం పళ్ళెం వాయిస్తూ, తడిస్తే ఎగరవని చెంబుతో నీళ్ళు చిమ్ముతూ గంతులేశాడు. ఆ గడ్డం మీద కొన్ని ఈగలు ఆడుతున్నాయి. దిక్కు చెబుతున్నాయి. అక్కడ వాటిని ఢీకొట్టే నర్తకి లేదు. అది పెట్టెలో తీగకు కట్టేసి ఉంది. ఆడే ఈగలు పెరిగాయి. ఒక్కసారి గుంపంతా లేచి నేరుగా తూర్పుకు మళ్ళింది.

శౌరయ్య పళ్ళెం వాయిస్తూ వెంటపడ్డాడు. పంచె ఊడుతుంటే ఒక చేత్తో పట్టుకున్నాడు. సరిహద్దు రాళ్ళ కంచె దాకా వచ్చి ఠక్కున ఆగిపోయాడు. అన్న శవం మోసిన రోజు తర్వాత ఆ కంచె దాటలేదు. దాటనని నలుగురిలో అన్నాడు కూడా.

అవతల కార్మేలమ్మ కుంకుడు చెట్టు కింద నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. నెత్తి మీది కొమ్మకు ఈగలు ముద్దగా కూర్చుంటున్నాయి.

"ఏం మరిదీ, పళ్ళెం మోగిస్తాండావు? ఎవరికి పెండ్లి?"

"నా ఈగలు వదినా! నా ఈగలవి!"

"పేర్లు రాసినావా వాటి మీద?"

"అందరికీ తెలుసు నావేనని. నేను వెంటబడి వచ్చినా."

కార్మేలమ్మ గొంతు మారింది. నవ్వు పోలేదు గానీ, దాని కింద ఇంకేదో కదిలింది. "ఆ యేడు నా ఈగలు వచ్చి నీ పందిరికి వాలినప్పుడు నేనూ ఇట్లనే వెంటబడి వచ్చినా. మీ అన్న పోయిన ఏడాదే. నాకుండిండేది ఆ ఒక్క పెట్టే. నువ్వు చర్చి ముందర పెద్దోళ్ళను కూర్చోబెట్టి ఏమంటివి? రెక్కలున్నదానికి గట్టు అడ్డమా, ఎవరి కొమ్మ మీద వాలితే వాళ్ళది అంటివి. ఊరంతా ఔనన్నారు. ఆ పొద్దు నుంచి అదే ఈ ఊరి కట్టుబాటు. ఔనా కాదా?"

శౌరయ్య చేతిలో పళ్ళెం కిందికి దిగింది. "ఔను" అన్నాడు.

"గట్టు దాటి రా. వచ్చి చూసుకో, ఎంత చిక్కిపోయినాయో. ఏం పెట్టినావు వీటికి?"

అతను వెనక్కి తిరిగి నడిచాడు.

ఫిబ్రవరిలో పండుగ వచ్చింది. పల్లపు ఇంట మైనం లేదు. ఖాళీ పెట్టెల్లో మైనం తినే పురుగు గూళ్ళు కట్టింది. శౌరయ్య చర్చికి పోనని ముసుగు తన్నాడు. "పోకుంటే మన ఒత్తి ఏడ్చిందని కాదు, చచ్చిందంటారు" అని అంతోనమ్మ ముసుగు లాగింది. పోయి వెనక స్తంభం చాటున నిలబడ్డాడు.

స్వరూపానికి రెండు పక్కలా రెండు ఒత్తులున్నాయి.

"ఎడమ పక్క ఒత్తి పల్లపు ఇంటిది ఫాదర్" అంది కార్మేలమ్మ అందరికీ వినబడేట్టు. "మా మరిది ఈగలు కట్టిన మైనం. పోసింది నేనే గానీ, పేరు ఆ ఇంటిదే."

ఆకలితో వచ్చిన ఈగలు కుంకుడు తేనె తాగి, కొత్త పెట్టెల్లో తెల్లని కొత్త పట్టు కట్టాయి. కార్మేలమ్మ పాత పెట్టెల మైనం కన్నా అది పాలలా ఉంది. రెండూ వెలిగించారు. పూజ సగం కాకముందే కుడి పక్క ఒత్తి అంచున ఒక బొట్టు ఊరి, ఆగి, జారింది. గుట్ట ఇంటి ఒత్తి ఏడ్చింది. ఎడమ ఒత్తి పెళ్ళికూతురిలా నిలబడింది.

జనం గుసగుసలాడారు. బయటికి రాగానే శౌరయ్యను చుట్టుముట్టారు. "గెలిచినావు కదయ్యా!" "ఎన్నాళ్ళకు!" అని భుజాలు తట్టారు. అతను ఇన్నేళ్ళూ కలగన్నది ఆ మాటే. ఇప్పుడు ఒక్కో తట్టూ చెంపదెబ్బలా తగిలింది. ఎదురుగా ఓడిన కార్మేలమ్మ అందరికంటే గట్టిగా నవ్వుతోంది. ఓడిపోయి కూడా ఆమె నవ్వగలగడం చూసి అతను ఓర్చుకోలేకపోయాడు. ఓడిపోవడం కూడా తనకంటే బాగా చేతనవునే దీనికి!

"గెలిచింది నీ ఈగలే మరిదీ" అంది ఆమె దగ్గరికి వచ్చి. "రేపు మా ఇంటికి రా. నీవి రెండు పెట్టెలు విడిగా పెట్టినా. తీసుకుపో."

మర్నాడు డాక్టర్ మృణాళిని యంత్రాలు తీసుకుపోవడానికి వచ్చింది. సంగతంతా విని తల పట్టుకుంది. "చక్కెర ఒక్కటి పెట్టి ఉంటే..."

ఆమె పెట్టె మూత తీసింది. లోపల ఒక్క ఈగ లేదు. బూజు పట్టిన పట్టు మీద నర్తకి మాత్రం ఎండ కరెంటుతో ఇంకా పని చేస్తూనే ఉంది. ఉండి ఉండి తల ముందుకు విసిరి 'బిప్' అంటోంది.

"ఎవరిని కొడతాంది అది?"

"ఎవరినీ కాదు. అదురు తగిలితే చాలు, ఈగ ఆడుతోందని అనుకుంటుంది. మన అడుగులకే మోగుతోంది."

గట్టు మీద నుంచి అంతోనమ్మ కేక వేసింది. "మీ వదిన భోజనానికి పిలిచింది. పెట్టెలు తెచ్చుకోవాల. వస్తావా రావా?"

శౌరయ్య తూర్పుకు తిరిగాడు. గుట్ట మీద అతని ఈగలు ఎండలో మిలమిలలాడుతున్నాయి. ఒక అడుగు వేశాడు. వెనక పెట్టెలోంచి 'బిప్' అని వినబడింది. ఆగాడు.

డాక్టర్ తీగ ఊడదీయబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు.

"దాన్ని ఉండనీ తల్లీ."

"ఈగలే లేవు కదా పెద్దాయనా. ఇంకెవరికి చెబుతుంది?"

"నాకు" అన్నాడు శౌరయ్య, ఎత్తిన అడుగు వెనక్కి పెట్టుకుంటూ.