జాబితాలో కూతురు

పొద్దున్నే మందను తోలుకుపోయే ముందు అంకన్న దొడ్డిలో నిలబడి గొర్రెపిల్లల కడుపులు తడిమి చూస్తున్నాడు. భార్య చెంచులక్ష్మి పెంట ఎత్తి గంపలో వేస్తోంది. కాపరుల సంఘం కార్యదర్శి ఆంజనేయులు బండి ఆపి, సంచిలోంచి కాగితం తీశాడు.

"ఏంది మామా, పిల్లలు సిద్ధమేనా? గురువారమే ఇచ్చేది."

"సిద్ధమే. గవర్నమెంటుకు ఫొటో, కంపెనీకి పేరు, నాకు ఈ పెంట. ఎవరికియ్యాలో చెప్పు."

అంకన్న మాట ఎప్పుడూ అంతే. కానీ ఆ గొర్రెలు వచ్చాకే ఇల్లు కుదుటపడిందని అతనికీ తెలుసు. నిరుడు ప్రభుత్వం పది గొర్రెలిచ్చింది. ఒక దాణా కంపెనీ మందులూ ఇన్సూరెన్సూ తన మీద వేసుకుంది. మంచీచెడ్డా కొనకనమిట్ల కాపరుల సంఘం చూసుకుంటోంది. షరతు ఒకటే. మొదటి ఈతలో రెండు ఆడ గొర్రెపిల్లలను వేరే మండలంలోని కుటుంబానికి ఊరికే ఇవ్వాలి. వాళ్ల దగ్గర పుట్టినవి మళ్లీ ఇంకొకరికి పోతాయి.

"పెద్దారవీడు మండలం మామా. పేరు సునీత. మామ పేరు అబ్రహాము."

చెంచులక్ష్మి చేతిలో గంప ఆగిపోయింది.

ఆ ఇంట్లో కూతురి పేరు వినబడి నాలుగేళ్లయింది. చర్చికి పోయే అబ్రహాము కొడుకు ప్రకాష్‌ను చేసుకుని కూతురు గడప దాటిన రోజు, ఇంట్లో ఎవరైనా దాని పేరెత్తితే అన్నం ముట్టనని అంకన్న ఒట్టు పెట్టాడు. మూడు రోజులు నిజంగానే ముట్టలేదు కూడా.

"ఇంకో పేరు చూడు ఆంజనేయులూ. ఆ మనిషికి నేనియ్యను."

"అట్ల మార్చేదానికి లేదు మామా. ఒంటరి ఆడవాళ్లకే ముందియ్యాలని పైనుంచి రూలు."

"ఒంటరేంది? మొగుడున్నాడు గదా! దొంగ పేరు రాయించుకున్నారా? వాడు అంతకు తగినోడే."

ఆంజనేయులు మార్కాపురం మనిషి, అతనికేమీ తెలియదు. కాగితం తిప్పి వేలు పెట్టి చూపించాడు. అంకన్న కూడబలుక్కుంటూ చదివాడు. భర్త: లేటు ప్రకాష్.

తెలియని మాటేమీ కాదు. పొలం పాసుపుస్తకంలో చనిపోయిన తన తండ్రి పేరు ముందూ అదే ఉంది.

ఆంజనేయులు బండి మలుపు తిరిగాక అంకన్న భార్య వైపు తిరిగాడు.

"నీకు తెలుసునా?"

"తెలుసు," అంది చెంచులక్ష్మి. "పది నెలలాయె. బోరు బండి మీద పనికి పోయినాడు. పైపు లేపుతాంటే కరెంటు తీగె తగిలింది. ముప్పై ఏళ్లు కూడా లేవు పిల్లోడికి."

"పది నెలలు! ఒక్క పొయ్యి కాడ కూచొని తింటాంటిమి గదే. చెప్పాలని తోచలేదా?"

"నువ్వు చెప్పనిచ్చినావా?" ఆమె గంపను నేలకేసి కొట్టింది. "బేస్తవారిపేటలో మా అన్నకు జ్వరమని మూడు రోజులు పోలేదా? అప్పుడే దాని కాడికి పోయినా. తిరిగొచ్చినాక, 'జ్వరం మీ అన్నకైతే నువ్వెందుకిట్ల పీక్కపోయినావు' అని నవ్వినావు. నేనూ నవ్వినా. ఆ నవ్వు ఈ పొద్దుకీ నా గొంతులోనే అడ్డం పడి ఉండాది."

అంకన్న పెంట మీదే కూలబడ్డాడు. గొర్రెపిల్లలు మోకాళ్లను పొడుస్తున్నా తొయ్యలేదు. అల్లుడి ముఖం తను ఒక్కసారైనా చూడలేదు. పది నెలలుగా తను తిడుతున్నది చచ్చినవాణ్ణి.

"గురువారం నువ్వూ రావే," అన్నాడు చివరికి.

"రాను. నన్ను అడ్డం పెట్టుకొని మాట్లాడొద్దు. ఒక్కడివే పో."

గురువారం పెద్దారవీడులో షామియానా వేశారు. ఒక పక్క అధికారులు, ఒక పక్క కంపెనీవాళ్లు. పేరు పిలిస్తే సునీత లేచి వచ్చింది. చిక్కిపోయింది. మెడ బోసిగా ఉంది. ఒకే తాడు ఇద్దరి చేతుల్లో పెట్టి, ఫొటో తీసేవాడు నవ్వమన్నాడు. ఇద్దరూ గొర్రెపిల్లల వైపే చూశారు.

అబ్రహాము గ్లాసుతో నీళ్లు తెచ్చాడు. "తాగు బావా. ఎండన పడి వచ్చినావు."

వియ్యంకుడి నోట ఆ పిలుపు విని అంకన్న గ్లాసు ఒలకబోసుకున్నాడు. సగం నీళ్లు చొక్కా మీదే పోయాయి.

ఇచ్చినవాళ్లు ఏడాది పాటు నెలకొకసారి వెళ్లి గొర్రెపిల్లలను చూసి రావాలని ఆంజనేయులు మైకులో చెప్పాడు.

"రావచ్చునా తల్లీ?" అంకన్న కూతుర్ని అడిగాడు.

"రా నాయనా. రూలు గదా. గొర్రెల్ని చూసుకొని పో." సునీత తాడును చేతికి చుట్టుకుంది. "నన్ను చూడాలంటే మాత్రం ఇంకా కొన్నాళ్లు పడుతుంది. ఆయన పోయిననాడు, మా నాయన వస్తాడు వస్తాడని పొద్దుగూకేదాకా నేను శవాన్ని ఎత్తనీలేదు."

ఆమె గొర్రెపిల్లలను నడిపించుకుంటూ వెళ్లిపోయింది. అంకన్న కండువా నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. అబ్రహాము పక్కనే నిలబడ్డాడు గాని ఊరుకొమ్మని అనలేదు.

సాయంత్రం చెంచులక్ష్మి బస్సు కాడికే ఎదురొచ్చింది.

"ఏమన్నాది?"

"నెలకొకసారి రమ్మన్నాది."

"అంతేనా? ఇంకేం అనలేదా?"

"ఇంకేం అనలేదు."

ఆమె కొంగుతో కళ్లొత్తుకుంది. "చూసినావా దాని మనసు! నువ్వే అనవసరంగా భయపడినావు."

"ఔనే," అని అంకన్న నవ్వబోయాడు.