యూసేబియో జేబులో కొవ్వొత్తి

"ప్రమాదం," అన్నాడు కల్నల్ బెరెంగెర్, ఫైలు ముందుకు తోస్తూ. "నాచు ప్లాంటులో ఆపరేటర్ యూసేబియో. పదిహేనేళ్ల అనుభవం. నాచుకు పట్టించే కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ గోతిలో దిగి ఊపిరాడక చచ్చాడు."

శవం జేబులో దొరికిన కొవ్వొత్తిని ఏజెంట్ లెయాండ్రో తిప్పి చూశాడు. సరికొత్తది, వత్తి తెల్లగానే ఉంది. లెయాండ్రో వైన్‌కు పేరుపడ్డ హెరెస్ ఊళ్లో తొట్లు కడిగేవాడి కొడుకు. ఆ వైపు మనుషులు వెలిగించిన కొవ్వొత్తి ముందు దించి చూడకుండా ఏ గోతిలోనూ కాలు పెట్టరు. మంట ఆరితే లోపల పీల్చే గాలి లేనట్టే, దిగరు.

కల్నల్ మిగతాది చెప్పాడు. మురుగునీటిలో పెంచే ఆ నాచు నుంచి తీసిన ఇంధనంతోనే ఊరి చెత్తలారీలు నడుస్తున్నాయి. నాచును మేసే పురుగుల సీసా ఒక్కటి, విత్తనపు నాచు పెంచే తల్లిచెరువులో పడితే పదేళ్లు సాకిన రకం మూడు రోజుల్లో బురదైపోతుంది. ఓ విదేశీ ముఠా ఆ పనిమీదే ఉంది. ముఠాలో మన మనిషి ఒకతె ఉంది, కసిల్డా.

మర్నాడు మధ్యాహ్నం రెండింటికి, అందరూ భోంచేసి కునుకు తీసే వేళ, లెయాండ్రో పంపు మెకానిక్ వేషంలో ప్లాంటుకు వెళ్లాడు. గేటు దగ్గర తెల్లకోటులో, ఎర్రటి పెదాలతో కసిల్డా.

"షెర్రీ వైన్ పులిసిందా?" అడిగాడతను.

"ఇంకో ఏడాది ఆగాలి."

సంకేతం సరిపోయింది. ఆమె అతన్ని గోతి దగ్గరికి తీసుకెళ్లింది. సీసా గోతి అడుగున, చెరువులోకి పోయే పైపులో ఉందట, రెండున్నరకు టైమర్ దాన్ని పగలగొడుతుందట, వెంటనే దిగమంది.

"యూసేబియో ఎందుకు దిగాడు?"

"మొండిఘటం. కొవ్వొత్తి ఆరిపోయింది, నా కళ్లతో చూశాను. అయినా దిగాడు, పాపం."

వెలిగించని కొవ్వొత్తి ఎలా ఆరింది? లెయాండ్రోకు ఒళ్లు మండింది. ఆమె చెయ్యి మెలితిప్పి, గోతి నిచ్చెన రెండో మెట్టు మీదికి దింపి, నిచ్చెనకు బేడీ వేశాడు. లైటర్ వెలిగించి ఆమె నడుము దగ్గరికి పట్టాడు. మంట ఆరిపోయింది.

"గాలి వీచనప్పుడు గ్యాస్ పైకొస్తుంది. ఇప్పుడు ఆకు కూడా కదలట్లేదు. సీసా ఎక్కడ?"

"చెరువులో, నీళ్లు కలిపే తెడ్ల చక్రం కింద. ముసలాడు నన్ను చూసేశాడు, అందుకే తోశాను. చెప్పేశాగా, విప్పు."

అతను పరిగెత్తాడు. పచ్చటి మురుగులో భుజం దాకా చెయ్యి పెట్టి వెతికాడు. తిరిగే తెడ్డు తగిలి వేలు విరిగింది. టైమర్ తీగ పీకేసరికి నాలుగు సెకన్లు మిగిలాయి. సీసా చెక్కుచెదరలేదు. చెరువు బతికింది.

తిరుగుదారిలో పరిగెత్తలేదు. కసిల్డా పిలుస్తోంది. అతను గట్టుమీద కూర్చుని ఒక సిగరెట్ ముట్టించాడు, చివరిదాకా కాల్చాడు. ఆ లోపు పిలుపులు ఆగిపోయాయి. అతనికి జాలి కలగలేదు.

"ఆమె ఎలా పోయింది?" అడిగాడు కల్నల్.

లెయాండ్రో కొవ్వొత్తిని బల్లమీద పెట్టాడు. వత్తి ఇంకా తెల్లగానే ఉంది.

"ప్రమాదం," అన్నాడు.