నెత్తిన వేసుకున్న గురక

"నన్ను మైకు దగ్గరికి రావద్దన్నారత్తయ్యా! గొంతు బాగుపడకపోతే ఇక సామాన్ల గదిలోనే కూర్చోవాలట..." చెప్పులైనా విప్పకుండా కోడలు గుమ్మంలోనే కూలబడి బావురుమంది.

బస్టాండులో ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పే గొంతు ఆమెది! కొన్ని నెలలుగా పొద్దున లేవగానే బొంగురు, గొంతులో ఏదో ఉండ అడ్డం పడ్డట్టు బాధ, నోట్లో పుల్లటి నీళ్లు... మాటకు ముందు గొంతు సవరించుకోవడమే సరిపోతోంది. ఎన్ని మందులు మింగినా లాభం లేదు. ఆ మైకే లేకపోతే తను బతికేదెలా, పాపం!

మర్నాడే భర్త ఆమెను డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. అత్తగారూ వెంట బయల్దేరింది. డాక్టరమ్మ గొంతులోకి చూసి, "కడుపులో పులుపు పైకి ఎగదన్నుతోందమ్మా. గురక పెడతారా?" అని అడిగింది.

కోడలి ముఖం కందిపోయింది. భర్త గబుక్కున అందుకున్నాడు. "అబ్బే, తను కాదండీ! గురక నాది. కావాలంటే మా వీధిలో ఎవర్నైనా అడగండి!"

వీధి నిజంగానే అలా నమ్మింది మరి! పెళ్లయిన కొత్తలో ఆడపడుచు "రాత్రి ఆ మోతేంటి?" అని పకపకా నవ్వితే, పెళ్లాం కళ్లలో నీళ్లు చూడలేక ఆ మహానుభావుడు గురకను తన నెత్తిన వేసుకున్నాడు. అప్పట్నుంచి కన్నకూతురితో సహా అందరూ ఆయన్నే ఆటపట్టించేవారు.

"చాల్లేరా నీ కోతలు!" అత్తగారు కసిరింది. "నువ్వు పడుకుంటే ఉన్నావో లేవో కూడా తెలీదు. కన్నదాన్ని, నాకు తెలీదా? డాక్టరమ్మా, గురక మా కోడలిదే! మధ్యాహ్నం కునుకు తీసినా మధ్యలో ఊపిరి ఆగిపోతుంది... నా గుండె గుభేలుమంటుంది తల్లీ!"

"అత్తయ్యా! మీకు తెలుసా?"

"మొగుడూ పెళ్లాల ముచ్చట, నాకెందుకులే అని ఊరుకున్నా. తప్పు చేశానే అమ్మడూ!"

డాక్టరమ్మ తల పట్టుకుంది. "అసలు సంగతి దాస్తే ఎలా అండీ! నిద్రలో ఊపిరి ఆగేవాళ్లలో చాలామందికి ఈ గొంతు బాధ కూడా ఉంటుంది. రెండింటికీ వైద్యం చేయాలి."

నిద్ర పరీక్షలో అదే తేలింది. పడుకునేటప్పుడు ముక్కుకు గాలి పంపే మాస్కు, పెందరాళే భోజనం, మాత్రలు, మంచం తలవైపు ఎత్తు... "విమానం నడపబోతున్నావేమిటే?" అని భర్త మాస్కు సర్దుతూ నవ్వించేవాడు. గొంతు మెల్లమెల్లగా తేటపడింది. మళ్లీ మైకు ఆమె చేతికొచ్చింది!

ఆ ఆదివారం ఇంట్లో అందరూ భోజనాలకు కూర్చున్నారు. "అన్నయ్యా, నీ గురక తగ్గిందటగా!" అంది ఆడపడుచు. ఆయన ఎప్పటిలాగే నవ్వుతూ తలూపబోయాడు.

కోడలు గరిటె పక్కన పెట్టి నిటారుగా నిలబడింది.

"అందరికీ విజ్ఞప్తి! ఇన్నేళ్లూ మీ అన్నయ్య పేరు మీద నడిచిన గురక... నాది!"

"ఇప్పుడెందుకే ఇదంతా..." ఆయన ఆమె కొంగు పట్టి లాగాడు.

"నా సిగ్గు కోసం మీరు ఇన్నేళ్లు నవ్వులపాలయ్యారు. ఇవాళ నన్ను చూసి నవ్వనివ్వండి!"

ఎవరూ నవ్వలేదు. కూతురు మాత్రం ఎంగిలి చేత్తోనే తండ్రి మెడను వాటేసుకుని వెక్కివెక్కి ఏడ్చింది.