ఏడో నంబరు బావికి తాళం

ఆ చెత్తగుట్ట చుట్టూ బావులు చాలానే ఉన్నాయి. బావులంటే చేదతో తోడుకునేవి కాదండీ, నేలలోకి దింపిన సన్నటి గొట్టాలు. చెత్తలోంచి కారే మురుగు కింది నీళ్లలో కలుస్తోందా లేదా అని వాటిలోంచి నీళ్లు తీసి చూస్తారు. మిగతా అన్నిటి దగ్గరికీ ఎవరైనా వెళ్తారు. ఏడో నంబరు దగ్గరికి మాత్రం... పొద్దుగూకాక ఒక్కడూ వెళ్లడు.

దాని చుట్టూ ఇనప జాలీ గది. పైన కూడా జాలీయే. గొట్టంలో ఎవరెవరో రాళ్లేస్తున్నారని కట్టించారు. చీకటి పడితే అందులోంచి పిలుపు వస్తుందట. "తాళం తియ్యి..." అని, మెల్లగా, బతిమాలుతున్నట్టు. ఎవరి గొంతుతోనైనా పిలుస్తుందట. పాపం కదా అని దగ్గరికెళ్లావో... తెల్లారేసరికి లోపల నువ్వుంటావు, బయట అదుంటుంది. ఇదీ అక్కడ చెప్పుకునే మాట.

అందుకే వాచ్‌మన్ ఏం చేసేవాడంటే, పగలంతా గది తెరిచే ఉంచి, సాయంత్రం మొహం అటు తిప్పుకుని వెళ్లి, తడుముకుంటూ తాళం నొక్కేసి వచ్చేసేవాడు. లోపలికి చూసేవాడు కాదు. ఆయన ధైర్యమంతా ఆ చూడకపోవడంలోనే ఉంది.

నీళ్లు పట్టుకెళ్లే ల్యాబు ఆవిడకి ఆయనే సీసాలమ్మ అని పేరు పెట్టాడు. నడిస్తే సంచీలో సీసాలు గలగలమంటాయని.

"ఆ ఏడో దాని జోలికి పోకు తల్లీ," అనేవాడు.

"దెయ్యమైనా నీళ్లు తాగాలి కదా బాబాయ్. దానికీ పరీక్ష చేసిపెడతాలే," అనేది.

ఆవిడకి ముందు వచ్చినవాళ్లు ఏడో దాంట్లో నీళ్లు లేవని చెప్పి చేతులు దులుపుకునేవాళ్లు. ఈవిడకి అలా కుదరదు. గుట్ట కింద కాలనీలో సొంత అక్క ఉంది. పిల్లలు తాగేది బోరు నీళ్లే. గుట్టకీ ఆ బోరుకీ మధ్యలో ఉన్నది ఈ ఏడో నంబరొక్కటే.

ఆ రోజు పొద్దున్నే వాగులో నీళ్లు పట్టింది. తర్వాత మిగతా బావులన్నీ తిరిగింది. ఏడో దాని దగ్గరికొచ్చేసరికి ఎండ వాలిపోయింది. ల్యాబు మూసేస్తారని నిండిన సీసాలు ఐసుపెట్టెలో సర్ది వ్యాను పంపించేసింది.

"నువ్వెళ్లు తమ్ముడూ. ఇదొక్కటీ పట్టి నేను అక్క వాళ్లింటికి నడిచిపోతా," అంది డ్రైవరుతో.

ఫోను వ్యానులోనే ఉండిపోయింది. వస్తున్నానని అక్కకి చెప్పనేలేదు. అంటే చూడండి... ఆవిడ ఎక్కడుందని వెతికేవాళ్లు ఆ రాత్రికి ఎవరూ లేరు.

ఈ పనిలో ఒక పద్ధతుంది. గొట్టంలో నిలవున్న పాత నీళ్లు ముందు తోడి పారబోయాలి. కొత్తనీళ్లు ఊరేదాకా ఆగాలి. ఏడోది మహా బద్ధకం బావి, చుక్క చుక్కగా ఊరుతుంది. పొద్దుట్నుంచీ తిరిగిన కాళ్లు కదా, జాలీ గదిలోనే గొట్టం పక్కన చతికిలబడి జాలీకి వీపు ఆనించింది. కళ్లు మూతలు పడ్డాయి...

టక్.

కళ్లు తెరిచేసరికి చీకటి. గుమ్మం దగ్గర వాచ్‌మన్ వీపు.

"బాబాయ్... తాళం తియ్యి," అంది.

నిద్రగొంతు కదా, బొంగురుగా, బతిమాలుతున్నట్టే వచ్చింది. ఆయన బిగుసుకుపోయాడు. మరుక్షణం ఒక చెప్పు అక్కడే వదిలేసి పరుగో పరుగు.

ముందు నవ్వొచ్చింది ఆవిడకి. తాళం లాగి చూసింది. జాలీ ఊపింది. పైకెక్కి నెత్తితో పొడిచింది. నవ్వు పోయింది.

గుట్టమీంచి గాలి దిగుతోంది. గొట్టంలోంచి కుళ్లిన గుడ్డు వాసన. కాసేపటికి... ఆ వాసన తెలియడం మానేసింది. అప్పుడు భయపడింది ఆవిడ. వాసన పోలేదు, ముక్కే చచ్చిందని తెలుసు. ఆ గ్యాసు ఎక్కువైతే ముందు ముక్కు పోతుంది, తర్వాత మనిషి. గాలి వచ్చే వైపుకి పాకి, జాలీ కన్నాల్లో మూతి పెట్టి ఊపిరి లాగింది. వెనకాల గొట్టంలో గుడగుడ... ఆగి, మళ్లీ గుడగుడ.

ఎంతసేపో తెలియదు. మలుపులో టార్చి వెలిగింది.

వాచ్‌మనే. మంచిమనిషి, మనసొప్పలేదు పాపం.

"ఎవరూ..." అన్నాడు, పెదవి కదిలీ కదలకుండా.

"నేనే బాబాయ్, సీసాలమ్మని. పొద్దున నీ టీలో సగం నాకు పోశావు చూడు. తాళం తియ్యి. ఊపిరాడట్లేదు."

టార్చి ఒక అడుగు ముందుకేసింది. ఇంకో అడుగు. ఆవిడ జాలీలోంచి వేళ్లు బయటికి చాపింది. తాళంచెవుల చప్పుడు కూడా వినిపించింది.

"తాళం తియ్యి బాబాయ్..."

వెలుగు ఆగిపోయింది. ఆయన తల పక్కకి వంచి ఏదో విన్నాడు. ఒక్కో అడుగూ వెనక్కి... వెనక్కి వేసుకుంటూ వెళ్లిపోయాడు.

అప్పుడు ఏడ్చింది ఆవిడ. గొంతు పోయేదాకా పిలిచింది.

తెల్లారి లారీలవాళ్లని వెంటబెట్టుకుని వచ్చాడు. తాళం తీసేసరికి ఆవిడ చెంపమీద జాలీ గళ్లు అచ్చుపడి ఉన్నాయి. ఊరిన నీళ్లు రాత్రే పట్టినట్టుంది, పక్కన సీసాలు నిండి ఉన్నాయి, డికాషన్ రంగు నీళ్లతో. ఒక లారీ ఆయన ఫోను తీసుకుని, బోరు నీళ్లు ముట్టుకోవద్దని ముందు అక్కకి చెప్పింది. ఆ తర్వాతే బాబాయ్ వైపు తిరిగింది.

"నా గొంతు నీకు తెలీదా బాబాయ్?"

"తెలుసమ్మా. తెలిసే వచ్చాను."

"మరి తాళం తియ్యలేదేం?"

ఆయన గొట్టం వైపు చూడకుండా చెప్పాడు. "రెండు గొంతులు వినపడ్డాయి తల్లీ."

ఆవిడ విసుక్కుంది. "గొట్టం నోరు తెరిచుంది కదా. నా మాటే అందులో పడి మళ్లీ వినపడుంటుంది."

"అలాగైతే నీ తర్వాత వినపడాలి కదమ్మా..." అన్నాడు బాబాయ్, గొంతు తగ్గించి. "అది ముందు అంటోంది. నువ్వు వెనకాల అదే మాట అంటున్నావు."