దాదీ పాట కోసం ఒక కేసు

జనగామ బస్టాండు దగ్గరి ఫోటో స్టూడియోలోకి ఆ అమ్మాయి వానతోపాటే వచ్చింది. సలాము లేదు, కలాము లేదు. దుపట్టా కొంగులో చుట్టి తెచ్చిన హార్డ్ డిస్కును తీసి కౌంటర్ మీద పెట్టింది.

"గిది మీరే ఇచ్చిండ్రు గదా?"

జావేద్ తలెత్తి చూశాడు. చూసినవాడు అలాగే ఉండిపోయాడు. ఫోటోగ్రాఫరు కదా, మంచి ముఖం మీద మంచి వెలుతురు పడితే చూపు తిప్పుకోవడం అలవాటు లేదు.

"మేమే ఇచ్చినం. చెల్పూర్ షాదీది. ఏమైంది?"

"ఏమైతది? కంప్యూటర్‌కు పెడితే టిక్కు టిక్కుమంటున్నది. లోపల ఏం కనవడ్తలేదు. జర ఇంకో కాపీ ఇయ్యుండ్రి, పోత."

"మగవాళ్ల దిక్కుది ఉన్నది. జనానాది..." అని నసిగాడు.

"జనానాదే కావాలె."

"లేదు."

పెళ్లిలో ఆడవాళ్లు కూర్చునే హాలు జనానా. అక్కడికి మగ ఫోటోగ్రాఫరు పోడు. మగవాళ్ల వైపు జావేద్ తీస్తే, జనానా వైపు అతని అక్క కైసర్ తీస్తుంది. ఈ అక్కాతమ్ముళ్ల జోడీకి భూపాలపల్లి దాకా మంచి పేరుంది. ఆ పేరంతా ఇప్పుడు కౌంటర్ మీద టిక్కుటిక్కుమంటూ పడి ఉంది.

"లేదని గంత అల్కగ అంటరేంది?" ఆమె బిల్లు తీసి చూపించింది. "డెలివరీ తర్వాత మాకు బాధ్యత లేదు అని అచ్చు గొట్టిచ్చిండ్రు. రాస్తే అయిపోతదా?"

"అందరు గట్లనే రాస్తరు."

"అందరు రాస్తే కానూను ఊకుంటదా? నా పేరు ఆలియా. చెల్పూర్ మీసేవల పనిచేస్త. ఆన్‌లైన్ల ఫిర్యాదు వేసుడు నాకు చాయ్ తాగినంత పని. మేము ఉన్న జిల్లాలనే వేస్త. వకీలు గూడ అక్కర్లేదు. అంత దూరం మీరే రావాలె."

"వస్త" అన్నాడు జావేద్.

కేసు వేస్తానన్న అమ్మాయికి అంత సంబరంగా జవాబిచ్చిన మనిషిని జనగామలో అంతకుముందు ఎవరూ చూసి ఉండరు.

"నవ్వుతున్నరా?"

"లేదు లేదు. మస్తు తడిసిండ్రు. చాయ్ చెప్పాల్నా?"

"నోటీసు పంపుత. చాయ్ వద్దు."

గుమ్మం దాకా వెళ్లి ఆగింది. ఈసారి గొంతులో కోపం లేదు.

"మా దాదీ పాట అందులనే ఉన్నది. ఇంకెక్కడ లేదు. దాదీ గూడ లేదు."

ఆమె దాదీ, అంటే నాన్నమ్మ, కుబ్రా బీ. పెద్ద మనవరాలి, అంటే ఆలియా అక్క పెళ్లిలో ఢోలక్ ముందు కూర్చుని పాట పాడి, నెల తిరక్కుండానే కన్నుమూసింది. కొడుకు చాంద్‌పాషా ఆ పాట వినలేదు. ఆ సమయంలో ఆయన మగవాళ్ల వైపు బిర్యానీ వడ్డన చూస్తున్నాడు. వీడియోలో వినొచ్చులే అనుకున్నాడు. ఇప్పుడు రోజూ కూతురు ఇంటికి రాగానే "దొరికిందా బేటీ?" అని అడుగుతున్నాడు. ఆలియా కోపమంతా ఆ ఒక్క ప్రశ్నకు జవాబు లేకపోవడం వల్లే.

అన్నట్టుగానే నోటీసు వచ్చింది. వినియోగదారుల కమిషన్ వాళ్లు, ఇద్దరికీ ఇష్టమైతే ముందు కూర్చుని మాట్లాడుకోండి, మీడియేషన్ ఉంది అన్నారు. ఇద్దరూ సరేనన్నారు. బల్లకు ఒకవైపు చాంద్‌పాషా, ఆలియా. ఇంకోవైపు జావేద్, కైసర్. మధ్యలో కళ్లజోడు సర్దుకుంటూ మీడియేటర్ మేడం.

"కాపీ ఎందుకు ఉంచుకోలేదయ్యా?" అని అడిగింది మేడం.

కైసర్ నోరు తెరవబోయింది. జావేద్ బల్ల కింద ఆమె కాలు తొక్కాడు.

"నాదే తప్పు మేడం. తీసుకున్న పైసలు మొత్తం వాపస్ ఇస్త. నష్టపరిహారం ఎంతంటే అంత."

చాంద్‌పాషా తలెత్తి జావేద్ వైపు చూశాడు. మెల్లగా అన్నాడు.

"పైసలు ఏం జేసుకోవాలె బేటా? మా అమ్మ గొంతు ఇయ్యి."

మేడం కళ్లజోడు తీసేసింది. చట్టం సొమ్ము వాపసు ఇప్పిస్తుంది, పరిహారం ఇప్పిస్తుంది. పోయిన పాట ఇప్పించే సెక్షను ఏ చట్టంలోనూ లేదు.

"షాదీకి వచ్చినోళ్ల ఫోన్లల్ల ఏమన్న ఉండొచ్చు" అన్నాడు జావేద్. "ఇల్లిల్లు తిరిగి అడుగుత."

"ఆడోళ్ల ఫోన్లు మీరు అడుగుతరా? చెప్పుతోని కొడ్తరు" అంది ఆలియా. "నేను గూడ వస్త. కైసర్ ఆపా తోడుంటది."

అదే రాజీ అయింది. వెతకాలి, దొరకకపోతే సొమ్ము వాపసు, పైన పరిహారం. అందరూ సంతకాలు పెట్టారు.

జావేద్ పాత కారు, ముందు సీట్లో కైసర్, వెనక ఆలియా. మొదటి ఊరు జఫర్‌గఢ్. ఆలియా మేనత్తలు, పిన్నులు అందరూ అక్కడే. ప్రతి ఇంట్లోనూ ఒకటే మాట.

"ఫోన్లా? మీ అబ్బా జనానాల ఫోన్లు బంద్ జేసిండు గదా! మేమెట్ల తీస్తం? తోబా తోబా!"

ప్రతి ఇంట్లోనూ చాయ్ దొరికింది, బిస్కెట్లు దొరికాయి, "పిల్లకు సంబంధాలు చూస్తున్నరా?" అన్న ప్రశ్న కూడా దొరికింది. పాట మాత్రం దొరకలేదు.

"జావేద్ భాయ్, ఇంకో చాయ్ తాగితే నేను చాయ్‌పత్తీ అయిపోత" అంది ఆలియా కారెక్కుతూ.

ఆ 'భాయ్' విన్నప్పుడల్లా జావేద్‌కు గేరు సరిగ్గా పడేది కాదు.

నెల్లికుదురు దారిలో వాన పెద్దదైంది. రోడ్డు పక్కన బండి మీద మిర్చి బజ్జీలు కనబడితే జావేద్ కారాపి దిగాడు. అతను అటు పోగానే కైసర్ వెనక్కి తిరిగింది.

"ఆలియా, కడుపుల దాసుకోలేక చెప్తున్న. జనానా కాపీ ఎందుకు లేదో ఎరికేనా? మీ అబ్బానే షర్తు పెట్టిండు. మా ఆడోళ్ల ఫోటో ఒక్కటి గూడ నీ దగ్గర ఉండొద్దు, జబాన్ ఇయ్యి అన్నడు. వీడు మాట ఇచ్చిండు. డిస్క్ మీ ఇంట్ల ఇచ్చిన రోజే అన్నీ తుడిపిచ్చిండు. వాడు చూడకుండ నాతోనే."

ఆలియా సీట్లో ముందుకు జరిగింది.

"మరి మేడం ముందల ఎందుకు చెప్పలే? చెప్తే కేసు సగం తేలిపోతుండె గదా?"

"గదే అడిగిన. 'ఆయన షర్తుతోనే వాళ్లమ్మ గొంతు పోయిందని ఆయనకు గుర్తు చేస్తమా ఆపా? నామీద కేసు పడితే పడనీ' అన్నడు."

జావేద్ తడిసిన చొక్కాతో, తడవని బజ్జీల పొట్లంతో తిరిగి వచ్చాడు. ఆలియా అతన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. ఇంత మంచివాడి మీద కేసు వేశాననే బాధ, వేయకపోతే ఇతనెవరో తెలిసేదే కాదన్న సంతోషం రెండూ కలిసి బజ్జీ కారం కళ్లకెక్కినట్టయింది.

"జావేద్, ఆ డిస్క్ కొన్న బిల్లు ఉన్నదా?"

'భాయ్' ఎక్కడో వానలో జారిపోయింది. కైసర్ గమనించి, కిటికీ వైపు తిరిగి బజ్జీ కొరికింది.

"ఉన్నది. గ్యారంటీ గూడ ఉన్నది. దుకాణానికి పోతే, నువ్వు ధంద కోసం కొన్నవ్, నువ్వు కన్స్యూమర్‌వే కాదు పో అన్నరు."

"మీరు ఊకున్నరా? సొంతంగ పనిచేసుకొని బతికేటందుకు కొనుక్కున్నోళ్లు గూడ కన్స్యూమర్లే. కానూను నా ఒక్కదాని దిక్కే లేదు, మీ దిక్కు గూడ ఉన్నది. ఆ ఫిర్యాదు నేనే వేస్త."

"నా మీద కేసు వేసినామెనే నా దిక్కు గూడ కేసు వేస్తదా?"

"మీసేవ ఛార్జీ ఇయ్యాలె మల్ల!"

నెల్లికుదురులో సుశీల ఇల్లే మిగిలింది. చాంద్‌పాషా కుటుంబం చెల్పూర్ రాకముందు ఆమె పక్కింట్లోనే ఉండేది. కుబ్రా బీని సుశీల 'అవ్వా' అని పిలిచేది. ఆడవాళ్లిద్దరూ లోపలికి వెళ్లారు. జావేద్ అరుగు మీద కూర్చున్నాడు.

"వీడియోనా? నా దగ్గరేడిది బిడ్డా?" అంటూ సుశీల వంటింట్లోకి పోయి బియ్యం చెరగసాగింది. చెరుగుతూ, తనకే తెలియకుండా కూనిరాగం తీసింది.

ఆలియా దిగ్గున లేచింది. "అత్తా! గది దాదీ పాట. ఒక్కసారి వింటే గంత మంచిగ ఎట్లొచ్చింది?"

చాట చేతిలోనే ఆగిపోయింది. సుశీల కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"తప్పయింది బిడ్డా. కొంగు చాటుకు ఫోను వెట్టి తీసిన. నేర్చుకోవాలని మనసైంది. ఆడోళ్ల ముఖాలు తియ్యలే, ఒట్టు. అవ్వ చేతులు, ఢోలక్, గంతే. రోజు వింట. మీ నాయినకు చెప్పకు, గుస్స అయితడు."

ఆలియా ఆమెను కౌగిలించుకుని ఏడ్చింది. చాటలో బియ్యమంతా నేలపాలైంది. సుశీలకు తనను తిడుతున్నారో మెచ్చుకుంటున్నారో కాసేపటిదాకా అర్థం కాలేదు.

"ఆపా, రెండు దిక్కుల కాపీ పెట్టు!" అని అరుగు మీద నుంచి కేక వినబడింది.

"మూడు దిక్కుల!" అంది ఆలియా లోపలి నుంచి.

చెల్పూర్‌లో చాంద్‌పాషా నులకమంచం మీద కూర్చుని, ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఢోలక్ దరువు, గాజుల చప్పుడు, ఆపైన కుబ్రా బీ వణుకు గొంతు.

"ససురాల్ దూర్ హై బేటీ, చప్పల్ సంభాల్ కే రఖ్..."

అత్తగారిల్లు దూరం బిడ్డా, చెప్పులు జాగ్రత్త అని అర్థం. అలిగి వెనక్కి రావాలన్నా అవే కావాలి అని తర్వాతి చరణం. జనానా అంతా గొల్లున నవ్విన చప్పుడు. చాంద్‌పాషా కూడా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూనే భుజాలు కదిలిపోయేలా ఏడ్చాడు. మళ్లీ పెట్టమన్నాడు. మళ్లీ విన్నాడు.

"జావేద్ ఏడి?"

"బయట నిలవడ్డడు అబ్బా. జనానా వీడియో గదా అని."

"లోపటికి పిలువు."

జావేద్ వచ్చి తలవంచుకుని నిలబడ్డాడు.

"షర్తు నాది బేటా. నాకు యాది లేదనుకున్నవా? ఆ మేడం ముందల నువ్వు నా పేరు తియ్యలే. నా నోటితోని నేను చెప్పుకోలేకపోయిన. ఇయ్యాల చెప్తున్న. నీ గుణానికి, చాటుగ దాసిన ఆ సుశీలమ్మకు, నేను బతికినన్ని రోజులు శుక్రియా."

"గట్ల అనకుండ్రి చాచా. ఈ కేసు వెయ్యకుంటే నేను గూడ వెతికేటోణ్ణి కాదు."

కేసు రాజీతో మూసేశారు. కొన్నాళ్లకు డిస్కు అమ్మిన దుకాణం కూడా నోటీసు అందగానే దారికొచ్చి, డబ్బు వాపసు చేసి, ఖర్చులు కట్టింది. జావేద్ ఆ కబురు చెప్పడానికి వాన లేని రోజు చూసుకుని చెల్పూర్ మీసేవకు వెళ్లాడు. చేతిలో కొత్తగా అచ్చువేయించిన బిల్లు పుస్తకం. 'మాకు బాధ్యత లేదు' అన్న మాట పోయింది. 'రెండు కాపీలు ఇస్తాం. మీరు చూసి సరేనన్నాకే మా దగ్గర తుడిచేస్తాం' అని ఉంది.

"గిట్ల రాసినంక గిరాకీ పెరిగింది" అన్నాడు.

"నమ్మకమైనోని దగ్గరికే వస్తరు గదా" అంది ఆలియా, కంప్యూటర్ వైపే చూస్తూ.

"ఇంకో ఫిర్యాదు ఉన్నది."

"ఎవరి మీద?"

"మీసేవల పనిచేసే ఒకామె మీద. కేసు అయిపోయింది, పని అయిపోయింది, అయినా మనసుల నుంచి పోతలేదు. నిద్ర లేదు, తిండి సయిస్తలేదు. మస్తు పరేషాన్ జేస్తున్నది."

ఆలియా వేళ్లు కీబోర్డు మీద ఆగాయి. చెవులు ఎర్రబడ్డాయి.

"ఏం పరిష్కారం అడుగుతున్నరు?"

"జిందగీ మొత్తం గ్యారంటీ."

"నాక్కూడ అదే ఫిర్యాదు ఉన్నది" అంది చాలా చిన్న గొంతుతో. "అయితే ముందుగాల మీడియేషన్. మా అబ్బా దగ్గరికి పోవాలె."

కైసర్ పెద్దరికంతో సంబంధం మాట్లాడబోయింది గానీ, చాంద్‌పాషా ఆమెకు ఆ అవకాశం ఇవ్వలేదు. ఆమె కూర్చోకముందే అందుకున్నాడు.

"మా ఇంట్ల ఇంకో షాదీ వెడుతున్న. ఫోటోలు మాత్రం జావేద్ తియ్యొద్దు."

జావేద్ ముఖం మాడిపోయింది. "నా మీద ఇంక నమ్మకం కుదరలేదా చాచా?"

"పిచ్చోడా! పెండ్లికొడుకే కెమెరా పట్టుకొని నిలవడితే, నిఖాల ఖబూల్ హై అని ఎవడంటడు?"

పరదా వెనక గాజులు గలగలమన్నాయి. కైసర్ గట్టిగా నవ్వింది. జావేద్ వంగి ఆయన రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. చాంద్‌పాషా అతని తల నిమిరి, పరదా వైపు చూసి కేకేశాడు.

"సుశీలమ్మకు ఇప్పుడే ఫోన్ చెయ్యి బేటీ. ఢోలక్ ముందల ఆమెనే కూసోవాలె. అమ్మ పాట ఆమెకే వస్తది. ఆమె పాట మొదలువెట్టంగనే నన్ను పిలువుండ్రి. వడ్డన ఎవరన్న చూసుకోనీ. నేను జనానా దర్వాజ బయట కుర్చీ ఏసుకొని, మొత్తం వింట."